బొగ్గుపులుసు

మూత పడి 22వ రోజు

తొట్లు ఆరు. వేడి ముప్పై రెండు. వెలుగు సరిపడా ఉంది. గాలిలో బొప్పు తక్కువేనని గాలి చూసే సర్దార్ కొంరవ్వ పొద్దున చెప్పింది. ఎండు బిళ్ళలు పందొమ్మిది.

ఈ పుస్తకంలో తొట్ల సంగతులు తప్ప మరో మాట రాయకూడదని రూలు. పెట్టింది నేనే కాబట్టి తప్పే హక్కు కూడా నాదే. నా పేరు ఓదెలు. మూడో లెవెల్‌లో నేరేడు తొట్లకు, అంటే నేరేడు రంగు సూక్ష్మజీవాలు పెరిగే తొట్లకు, ఇరవై ఆరేళ్లుగా కాపరిని. నా తర్వాత ఈ పనికి ఎవరొస్తారో తెలియదు. వచ్చినవాళ్ళు నన్ను తిట్టుకోకుండా ఉండాలంటే కాస్త వివరంగా రాయక తప్పేటట్టు లేదు.

కుడితి తొట్టిలో వాసన మారింది. వంటశాల నుంచి వచ్చే కడుగునీళ్ళు, తొక్కలు, మిగిలిన మెతుకులు అందులో పోసి గాలి తగలకుండా మూత బిగిస్తాం. నాలుగు రోజులకు పులుస్తుంది. ఆ పులుపే నేరేడు తొట్లకు తిండి. ఇన్నాళ్ళూ అది సిర్కా, అంటే వెనిగర్ వాసన కొట్టేది. మూత తీస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇవాళ మూత తీస్తే ముక్కిపోయిన నెయ్యి వాసన వచ్చింది. ఈ బొగ్గుబాయిలో నెయ్యి చూసినవాళ్ళు ఇప్పుడు పదిమంది కూడా ఉండరు. నేను చిన్నప్పుడు చూశాను, ఆ వాసన మరిచిపోయేది కాదు.

కారణం తెలుసు. జొన్న మళ్ళకు బూజు పట్టిన దగ్గర్నుంచి వంటశాలలో రోజూ కర్రపెండలమే. తిండి మారితే కుడితి మారుతుంది, కుడితి మారితే పులుపు మారుతుంది. పులుపు ఏదైతేనేం, తొట్లు తింటాయిలే అనుకున్నాను.

మూత 26

తినడం లేదు.

సీసాలో పట్టి దీపం దగ్గరికి తెచ్చి చూస్తే, నేరేడు పండు చిదిమినట్టు ఉండాల్సిన రంగు నాలుగు తొట్లలో పలచబడింది. వడకట్టి బిళ్ళలుగా ఎండబెడదామంటే బట్ట మీద ఏమీ నిలవలేదు. వెలుగు చూశాను. పైనుంచి గాజు తీగల్లో దిగే ఎండను ముందు ఆకుమళ్ళు తాగుతాయి. అవి వదిలేసిన వెలుగు మన కంటికి కనిపించదు, చెయ్యి పెడితే వెచ్చగా తెలుస్తుంది. ఆ మిగిలిన వెలుగే నేరేడు తొట్లకు చాలు. చెయ్యి పెట్టాను, వెచ్చగానే ఉంది. పులుపు ఉంది, వేడి ఉంది, వెలుగు ఉంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది వీటి పని.

బిళ్ళలు పది మిగిలాయి. వారానికి తొమ్మిది ఖర్చు. పాలిచ్చే తల్లులకు ముందు, తర్వాత రోగులకు, అదీ నేను పెట్టిన రూలే. ప్రస్తుతం పాలిచ్చే తల్లి ఒక్కతే, వంటశాలలో పనిచేసే తిరుమల. రోగుల్లో నా భార్య చంద్రవ్వ ఉంది.

చంద్రవ్వ సంగతి రాయాలి. బి పన్నెండు అనే విటమిన్ ఆమె ఒంట్లో నిలవదు. పాలు, గుడ్లు లేని ఈ బాయిలో అది దొరికేది నేరేడు బిళ్ళలోనే. వారానికి రెండు బిళ్ళలు పడితే మనిషి బాగుంటుంది. పడకపోతే కాళ్ళలో నరాలు మొద్దుబారతాయి. వేళ్ళతో మొదలై మడమ దాకా వస్తుంది. తొందరగా మళ్ళీ బిళ్ళ అందితే స్పర్శ తిరిగొస్తుందని, ఆలస్యమైతే రాదని డాక్టరమ్మ చెప్పింది. డాక్టరమ్మ ఉండేది రెండో బాయిలో. మాటలు తీగ మీద వస్తాయి గానీ బిళ్ళలు రావు. పై గేటుకు వేసవి మూత పడితే తొలకరి దాకా తెరవరు. పైన నీడలోనే యాభై తొమ్మిది డిగ్రీలట. ఇంకా డెబ్భై రోజులకు తక్కువ కాదు.

"ఏమైందయ్యా, మొఖం గట్ల పెట్టినవ్?" అని అడిగింది చంద్రవ్వ, నేను తిండికి వచ్చినప్పుడు.

"ఏం కాలే. తొట్లు జర మొరాయిస్తున్నయ్."

"నీ తీరే వాటికి వచ్చింది," అంది.

మూత 29

దొరికింది. తొట్లు కట్టిన మొగిలయ్య సారు చేతిరాత పుస్తకం ఇనప్పెట్టెలోంచి తీశాను. సారు పైన ఉన్న రోజుల్లో బడిలో సైన్సు చెప్పేవాడు. ఆయన పోయి ముప్పై ఏళ్ళు. పేజీలు చెమ్మకు అతుక్కుపోతే ఆవిరి పట్టి ఒక్కొక్కటే విడదీశాను. అరవై రెండో పేజీలో ఉంది:

"కుడితికి నెయ్యి వాసన వచ్చిన యెడల తొట్లకు బొగ్గుపులుసు" అని ఉంది, తర్వాతి మాట చెమ్మకు చెరిగిపోయింది. ఆ కింద వరుసలో "తగలనివ్వవలెను. లేనియెడల ఆహారమున్నను భుజింపజాలవు" అని ఉంది.

తిండి ఉన్నా తినలేవు. నా గోడే రాసినట్టు ఉంది. బొగ్గు, పులుసు. పులుసు అంటే కుడితి పులుపు, ఇంకేముంటుంది. దాంట్లో బొగ్గు కలపాలి. బొగ్గుబాయిలో బతుకుతూ బొగ్గు మందని ఇన్నాళ్ళూ తట్టలేదే అని నన్ను నేనే తిట్టుకున్నాను. మెత్తగా నూరి, జల్లించి, కుడితి పులుపులో కలిపి ఆరు తొట్లకూ పోశాను. ఎంత పోయాలో సారు రాయలేదు. తొట్టికి శేరు చొప్పున పోశాను.

చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

మూత 34

తొట్లు నల్లగా ఉన్నాయి. నల్లగా ఉండటం బొగ్గు వల్ల, అది సరే. కింద రంగు తిరుగుతోందా లేదా అన్నది కనిపించడం లేదు. బొగ్గు తక్కువైందేమోనని ఇంకో అర్ధశేరు పోశాను.

బిళ్ళలు అయిపోయాయి. ఆఖరిది తిరుమలకు ఇచ్చాను. ఆమె బిడ్డకు ఐదో నెల. మెడ నిలవడం లేదు. ఎత్తుకుంటే తడిబట్టలా చేతి మీద వాలిపోతోంది. ఏడవడం కూడా తగ్గించింది. తల్లి పాలల్లో విటమిన్ చాలకపోతే అలాగే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. తిరుమల నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికి వెళ్ళేసరికి చంద్రవ్వ గట్టు మీద కూర్చుని ఉంది. అరిపాదం మీద రూపాయంత బొబ్బ. పొయ్యి దగ్గర కిందపడిన వేడి గరిటె మీద అడుగు వేసిందట. వేసినట్టు తెలియలేదట. కాలిన వాసన వస్తే కూర మాడిందేమోనని కుండలోకి చూసిందట.

ఆ మాట ఆమె నవ్వుతూనే చెప్పింది. భయమేసిందని రాయడానికి నాకేం సిగ్గు లేదు, వేసింది.

"ఎప్పటి సంది మొద్దుబారింది?"

"నాలుగైదు దినాలాయె. నీకు చెప్తే ఏం జేస్తవ్? తొట్ల కాడికి పోయి వాటిని కొడ్తవా?"

"చెప్పాలె గదా."

"చెప్తున్న గదా ఇప్పుడు," అని మందు పూయమని కాలు చాపింది. పూస్తుంటే, "అయిందా?" అని అడిగింది. నా చెయ్యి ఇంకా ఆమె పాదం మీదే ఉంది.

మూత 38

రెండు తొట్లు చచ్చాయి. కుళ్ళిన వాసన కొట్టాయి. ఒంపేశాను. ఇప్పుడు నాలుగు.

చంద్రవ్వ అన్నది ఇది: "బొగ్గు పోసుడు ఆపరాదా? అరిగోస పెడుతున్నవ్ వాటిని. నల్లటి నీళ్ళలకు వెలుగెట్ల వోతది?"

నేను అన్నది ఇది: "సారు రాసిండు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఓదెలు అని బాయిలో అందరూ అంటారు. నాకు వినబడేటట్టే అంటారు.

మూత 40

ఇవాళ జరిగింది మొత్తం రాయాలి.

బొగ్గులో తేడా ఉందేమో, తవ్వడం ఆపేసిన పాత ముఖంలోని మెత్తటి బొగ్గు కావాలేమో అనుకున్నాను. అటు పోవాలంటే గాలి సర్దార్ అనుమతి ఉండాలి. సర్దార్ కొంరవ్వ నాకు వరసకు వదినె. ఆమె భర్త దుర్గయ్య, నేను ఒకే షిఫ్టులో ఇరవై ఏళ్ళు పనిచేశాం. అతను పోయి రెండేళ్ళు.

దీపాల గదిలోకి పోయేసరికి ఆమె గాలి మీటరు విప్పి తుడుస్తోంది. ఇత్తడి పెట్టె, దానికి ముల్లు. బాయి తవ్వే కాలం నాటిది. రోజూ పొద్దున్నే ఆమె దాన్ని చూసి, గొట్టంలో "బొప్పు ఇంత" అని అరుస్తుంది. బొప్పు పెరిగితే తలనొప్పి వస్తుంది, ఇంకా పెరిగితే మనిషి కూర్చున్నచోటే పోతాడు. బొప్పు అంటే చెడు గాలి. మనం విడిచిన గాలి. పుట్టిన దగ్గర్నుంచి వింటున్న మాట.

"మల్ల ఏం కావాలె మరిదీ? బొగ్గేనా?" అంది. "నీ తొట్లు తినేటట్టు లేవు గని నువ్వే తినేటట్టున్నవ్."

జవాబు ఇద్దామని నోరు తెరిచాను. అప్పుడే ఆమె పెట్టె మూతను బల్ల మీద బోర్లించింది. మూత లోపల ఇత్తడి పలక. దాని మీద అచ్చు అక్షరాలు. రెండుసార్లు చదివాను.

"బొగ్గుపులుసు వాయువు. బొ.పు. శాతములో."

"వదినె, ఇదేంది?"

"మీటరు పేరు. బొప్పు మీటరు."

"బొప్పు కాదు. బొ. పు. చుక్కలున్నయ్ సూడు."

ఆమె వంగి చూసింది. ముప్పై ఏళ్ళుగా రోజూ చేత్తో పట్టుకునే వస్తువు. "అవు," అంది, "చుక్కలున్నయ్."

గోడకు ఆనుకుని అక్కడే కూర్చున్నాను. బొగ్గూ కాదు, పులుసూ కాదు. ఒకే మాట. పైన బడుల్లో ఒకప్పుడు చెడు గాలికి పెట్టిన పేరు. సారు ఆ పేరే రాశాడు. ఆ పేరును మనం నోట్లో వేసుకుని అరగదీసి బొప్పు చేశాం. చెరిగిపోయిన మాట "వాయువు". రోజూ పొద్దున ఆ మాట నా చెవిలో పడుతూనే ఉంది, నేను మాత్రం శేర్లకొద్దీ బొగ్గు నూరుతున్నాను. పదకొండు రోజులు.

తర్వాత అరవై మూడో పేజీ విడదీసి చదివాను. సారు అక్కడ వివరంగానే రాశాడు, ముందు పేజీతోనే చాలనుకుని నేను ఆగిపోయాను. సిర్కా పులుపు తేలిక తిండి, తిన్నంతసేపూ ఆ జీవాలే కాస్త బొప్పును బయటికి వదులుతాయి. నెయ్యి పులుపు బలమైన తిండి. అందులో హైడ్రోజన్ ఎక్కువ. తింటే ఒంట్లో ఆ మిగులు పేరుకుపోతుంది, ఎక్కడైనా దించుకుంటేనే తర్వాతి ముద్ద దిగుతుంది. దించుకునే చోటు బొగ్గుపులుసు వాయువు. దాన్ని పీల్చి, మిగులును దాని మీద దించి, తమ ఒళ్ళుగా మార్చుకుంటాయి. బొప్పు లేకపోతే నోటి ముందర ముద్ద ఉన్నా మింగలేవు.

అది మనమే వాటికి అందకుండా చేశాం. తొట్ల దగ్గరికి పోతే మూతికి గుడ్డ కట్టుకోవాలి. విడిచిన ఊపిరి ఎంగిలి గాలి, తినే వస్తువు మీద పడకూడదు. ఇది నేను పెట్టిన రూలు కాదు, మా అమ్మ కాలం నుంచీ ఉంది. కానీ దాన్ని నాలాగా నడిపించినవాడు లేడు. మూతిగుడ్డ జారిందని తిరుమలను ఒకసారి రెండు రోజులు పనిలోంచి ఆపాను. చంద్రవ్వనైతే తొట్ల దగ్గర మాట్లాడుతూ పనిచేస్తుందని మొత్తానికే రావొద్దన్నాను, అది పదేళ్ళ కిందటి మాట.

మూత 41

"ఊపిరి ఊదుదామా మరి?" అని అడిగింది కొంరవ్వ.

"ఊదితే మంచి గాలి కూడా లోపలికి పోతది వదినె. అది తగిలితే నేరేళ్ళ రంగు పోతది. ఒట్టి బొప్పు కావాలె."

"ఒట్టి బొప్పు యాడుంటది?"

"నువ్వే చెప్పు. సున్నం తాగిన బొప్పు ఎక్కడ పోతది?"

బాయిలో ఎనభై నాలుగు మందిమి విడిచే గాలి అంతా సున్నపు మళ్ళ మీదుగా పోతుంది. సున్నం బొప్పును తాగి గట్టిపడి సుద్దలా అవుతుంది. ఆ చచ్చిన సున్నాన్ని గోఫ్‌లో పోసి, చేతులు కడుక్కుని వస్తారు. గోఫ్ అంటే బొగ్గంతా తీసేసిన ఖాళీ. అక్కడికి ఎవరూ పోరు. చచ్చిన సున్నం మీద పులుపు పడితే బుసబుసమని పొంగి, తాగిన బొప్పునంతా మళ్ళీ వదిలేస్తుంది. ఆ సంగతి చిన్నప్పుడు ఆటల్లో చూసిందే. ఇప్పుడున్న మళ్ళ సున్నం తీస్తే జనానికి గాలి ఉండదు. గోఫ్‌లోదే కావాలి.

"గోఫ్ కప్పు కూలింది," అంది కొంరవ్వ. "కుప్పలన్నీ దాని కిందనే పడ్డయ్. చేతికందేది ఒక్కటే కుప్ప."

"ఒక్కటి చాలు."

"అది దుర్గయ్య పోయిన నెలది. ఆయన మంచంల ఉన్నప్పుడు ఆ గదిల సున్నం నేనే మార్చిన, నేనే మోసిన. పైన గుడ్డ గూడ కప్పిన. అండ్ల ఆయన ఊపిరి ఉన్నది మరిదీ," అంది.

అడగడానికి నోరు రాలేదు, అడగకుండా ఉండటానికి ధైర్యం లేదు. చంద్రవ్వ కాలు గుర్తొస్తోంది. ఆ బిడ్డ మెడ గుర్తొస్తోంది. "వదినె, నేను అడుగ. నువ్వే ఆలోచన చెయ్యి," అని వచ్చేశాను. అంతకంటే మంచి మాట ఆ సమయంలో నాకు దొరకలేదు.

మూత 42

మొదటి షిఫ్టు మొదలయ్యేసరికి తొట్ల గది ముందర రెండు బుట్టల తెల్ల సుద్ద ఉంది. పక్కన మడతపెట్టిన గుడ్డ. కొంరవ్వ చేతులకు సున్నం అంటి ఉంది, కడుక్కోలేదు.

"పోసెయ్," అంది.

కుడితి పులుపులో వేశాను. పొంగింది. తొట్టి అంచు దాకా నురగ లేచి చప్పుడు చేసింది. ఆ గాలిని గొట్టంతో నాలుగు తొట్ల అడుక్కు తిప్పాను. అంతకుముందు బొగ్గునీళ్ళు వీలైనంత వడకట్టి తీసేశాను. ఆమె గోడ దగ్గర నిలబడి నురగ అణిగేదాకా చూసి వెళ్ళిపోయింది.

ఈ సంగతి పావుగంటలో బాయి అంతా పాకింది. తిండి దగ్గర ఎవరూ నా పక్కన కూర్చోలేదు. "ఎంగిలి తొట్లు" అని ఒకరన్నారు. "చచ్చినోళ్ళ ఊపిరి" అని ఇంకొకరు. లెవెల్ పెద్ద వచ్చి, ఆ బిళ్ళలు ఎవరు తింటారని అడిగాడు. రంగు తిరగనీ, తర్వాత చూద్దామన్నాను.

మూత 47

మూడో తొట్టిలో రంగు తిరిగింది. ముందు గులాబీ, ఇవాళ పలచటి నేరేడు. కుడితిలో నెయ్యి వాసన తగ్గుతోంది. తింటున్నాయి.

ఎన్నో ఏళ్ళ తర్వాత తొట్టి ముందు నిలబడి ఏడ్చాను. మూతికి గుడ్డ లేదు.

చంద్రవ్వకు ఇప్పుడు రెండు పాదాలూ తెలియడం లేదు. గోడ పట్టుకుని నడుస్తోంది. చీకట్లో నడవలేదు, కళ్ళతో చూస్తేనే కాలు ఎక్కడుందో తెలుస్తుందట. దీపం చేతిలో లేకపోతే నిలబడ్డచోటే ఊగిపోతోంది.

"గాలి మీద నడిచినట్టున్నది," అంది. "దేవతలు గిట్లనే నడుస్తరేమో."

"నోరు ముయ్," అన్నాను. అనాల్సిన మాట అది కాదు.

మూత 52

బిళ్ళ వచ్చింది. ఒక్కటి. అరచేతిలో సగం. మిగతా రంగును తీయకూడదు, తీస్తే తొట్లు మళ్ళీ పడిపోతాయి. ఇంకొకటి రావాలంటే తొమ్మిది పది రోజులు.

రూలు ప్రకారం అది తిరుమలది. దాన్ని పట్టుకుని బయటికి వచ్చాను. ఎడమకు తిరిగితే తిరుమల గది, కుడికి తిరిగితే నా ఇల్లు. కుడికి తిరిగాను. ఇది రాయకుండా వదిలేయవచ్చు. అప్పుడు ఈ పుస్తకం దేనికి?

చంద్రవ్వ చేతిలో పెట్టాను. వాసన చూసింది. "బిడ్డ తల్లికి ఇచ్చినవా?"

"ఇచ్చిన. రెండు వచ్చినయ్."

నా మొహం వంక చూసింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమె ముందు నేను నిలబెట్టిన అబద్ధం ఒక్కటీ లేదు. బిళ్ళను నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"పో."

"నీ కాళ్ళు..."

"నావి అరవై ఏండ్లు నడిచిన కాళ్ళు. ఆ పొల్ల ఇంకా మెడ లేపలే. పో, సల్లారక ముందే."

బిళ్ళ చల్లారేది కాదు. అయినా పరిగెత్తినట్టే పోయాను.

తిరుమల బిళ్ళను తీసుకుని అలాగే చూస్తూ కూర్చుంది. ఒళ్ళో బిడ్డ కళ్ళు తెరిచే ఉంది, దేన్నీ చూడటం లేదు. గుమ్మం దగ్గర నలుగురైదుగురు చేరారు.

"పెద్దబాపూ, అండ్ల ఎవరి ఊపిరి ఉన్నది?" అని అడిగింది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. పాలిచ్చే తల్లి తినేది బిడ్డకు పోతుంది కదా.

తొట్టిలోకి పోయాక అది ఊపిరి కాదు, ఇంకొకటి అయిపోతుందని చెప్పాలనుకున్నాను. సారు పుస్తకంలో మాటలన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

గుమ్మంలోంచి కొంరవ్వ చెప్పింది. "మా ఆయనది. తిను బిడ్డా. ఆయనకు పిల్లలంటే ప్రాణముండె."

తిరుమల తింది. వెళ్ళేటప్పుడు కొంరవ్వ బిడ్డ తల ఒకసారి నిమిరి పోయింది.

మూత 56

బిడ్డ ఏడ్చింది. మొదటి షిఫ్టంతా గొంతు చించుకుని ఏడ్చింది. నిద్ర చెడిందని ఒక్కరూ విసుక్కోలేదు.

మూత 61

రెండో బిళ్ళ. తిరుమల బిడ్డ మెడ ఎత్తి దీపం వైపు చూస్తోంది, తల్లికి ఇంకో వారం దాకా ఫరవాలేదని డాక్టరమ్మ చెప్పింది. చంద్రవ్వకు ఇచ్చాను. నేను ఎదురుగా కూర్చుని పూర్తిగా తినేదాకా కదల్లేదు. "పోలీసోని లెక్క చూడకు," అంది.

మూత 70

వారానికి నాలుగు బిళ్ళలు వస్తున్నాయి. వంటశాల వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఈ నెల మళ్ళలో మార్చిన చచ్చిన సున్నం మోసుకొచ్చి కుడితి తొట్టి పక్కన పోస్తున్నారు. లెవెల్ పెద్ద తన వంతు వద్దని, తన బదులు రోగులకు ఇవ్వమని చెప్పాడు. అసలు ఆయనకు వంతే లేదు. ఆ మాట ఆయనతో అనలేదు.

డాక్టరమ్మ తీగ మీద చెబుతుంటే నేను పరీక్ష చేశాను. కళ్ళు మూసుకోమని, దారపు పోగుతో పాదం మీద తాకాను. ఎడమకాలి బొటనవేలు తాకితే, "ఆ," అంది. చిటికెన వేలు తాకితే, "ఆ," అంది. కుడికాలు తాకాను. వేళ్ళు, అరిపాదం, మడమ. ఆమె కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది. "మొదలువెట్టు మరి," అంది.

ఇంకో నెల చూద్దామని డాక్టరమ్మ చెప్పింది. బిళ్ళ రెండు వారాలు ముందు చేరి ఉంటే బాగుండేదని కూడా అంది. ఆమెకు బొగ్గు సంగతి తెలియదు.

మూత 99

కుడికాలు రాలేదు. ఇక రాదని డాక్టరమ్మ ఇవాళ చెప్పింది.

మొగిలయ్య సారు పుస్తకంలో అరవై రెండో పేజీ కింద నా రాతతో ఇది చేర్చాను: "బొగ్గుపులుసు అంటే బొగ్గు కాదు, పులుసు కాదు, మనం విడిచే గాలి, బొప్పు. నెయ్యి వాసన వస్తే చచ్చిన సున్నం వెయ్యాలి. కాపరి ఓదెలు దీన్ని తప్పుగా చదివి పదకొండు రోజులు బొగ్గు పోశాడు. ఆ పదకొండు రోజుల్లో అతని భార్య కుడికాలు పోయింది."

చదివి వినిపిస్తే చంద్రవ్వ ఒప్పుకోలేదు. "నా కాలు సంగతి పుస్తకంల ఎందుకు? కొట్టెయ్."

"తర్వాత వచ్చేటోళ్ళకు తెల్వాలె."

"ముప్పై నాలుగేండ్లల ఒక్క తప్పు ఒప్పుకున్నవ్. అది గూడ నాకు చెప్పకుండ పుస్తకానికి చెప్పినవ్."

అప్పుడు చెప్పాను. తప్పు నాదేనని, నువ్వు ఆపమన్నప్పుడు ఆపితే ఇలా అయ్యేది కాదని, ఆమె ముందు కూర్చుని చెప్పాను. ఆమె చీర కొంగుతో దీపం అద్దం తుడిచింది.

"తొట్లు చూపిస్తవా?" అంది చివరికి. "పదేండ్లాయె రాక."

తొట్ల దగ్గర దీపం ఉండకూడదు, కంటికి కనిపించే వెలుగు తగిలితే వాటిలో పచ్చ నాచు పడుతుంది. వసారా మలుపు నుంచి చీకటే. దీపం అక్కడే పెట్టి ఆమె కుడి రెక్క పట్టుకున్నాను. ఎడమకాలు వేసింది. కుడికాలు ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో ఆపేసింది. నేను వంగి, ఆ పాదం కిందికి దిగేదాకా చూసుకుని, "నేల," అన్నాను. ఆమె బరువు మోపింది. మళ్ళీ ఎడమకాలు, మళ్ళీ కుడికాలు.

"నేల."

తొట్ల దాకా నూట పన్నెండు అడుగులు. అందులో యాభై ఆరుసార్లు చెప్పాను.